ముందు లెక్క, తర్వాతే గీత

2020 డిసెంబరు 1. హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు పోలింగ్ జరిగిన రోజు. నగరానికి దక్షిణాన ఉన్న మైలార్‌దేవ్‌పల్లి డివిజన్ ఓటర్ల జాబితాలో 79,290 పేర్లున్నాయి. పటాన్‌చెరు దారిలో ఉన్న రామచంద్రాపురం డివిజన్ జాబితాలో 27,948 పేర్లే. రెండుచోట్లా గెలిచేది ఒక్కో కార్పొరేటరే. సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తితే ఇద్దరిదీ ఒక్కో ఓటే. పెద్ద సంఖ్యను చిన్న సంఖ్యతో భాగిస్తే 2.8 వస్తుంది. రామచంద్రాపురంలో ఒకరి ఓటుకున్న బరువు మైలార్‌దేవ్‌పల్లిలో రావాలంటే దాదాపు ముగ్గురు కలిసి రావాలి.

ఇద్దరు ఓటర్లూ అదే నగరంలో ఉంటారు, అదే పాలక సంస్థకు ఆస్తి పన్ను కడతారు. వాళ్ల ఓట్ల మధ్య ఇంత తేడా తెచ్చింది పటం మీద గీసిన గీత. ఏ వీధి ఏ డివిజన్‌లోకి వస్తుందో, ఏ బస్తీ ఎవరితో కలుస్తుందో, మొత్తం ఎంతమంది కార్పొరేటర్లుండాలో తేల్చే పని అది. పత్రికల్లో దాన్ని ‘వార్డుల పునర్విభజన’ అంటారు, డివిజన్ అన్నా వార్డు అన్నా ఒకటే. సాధారణంగా ఆ వార్తను ఏ పార్టీకి లాభం, ఎవరికి నష్టం అన్న కోణంలోనే చదువుతాం. అంతకంటే ముందు చూడాల్సింది లెక్క. అది కష్టమైనదేమీ కాదు, కూడిక, భాగహారం వస్తే చాలు. వచ్చిన చిక్కల్లా ఆ లెక్కను జనం ముందు పెట్టకపోవడంతోనే.

67 లక్షల జనం, 74 లక్షల ఓటర్లు

పాత హైదరాబాద్ నగరపాలక సంస్థలో 100 డివిజన్లుండేవి. 2001 జనాభా లెక్కల ప్రకారం నగర జనం సుమారు 36 లక్షలు కాబట్టి, ఒక్కో కార్పొరేటరుకు దాదాపు 36 వేల మంది. 2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 170 చదరపు కిలోమీటర్ల స్థాయి నుంచి సుమారు 650కి పెరిగింది. డివిజన్లు 150 అయ్యాయి. 2009 ఎన్నికలు ఆ 150తోనే జరిగాయి.

2011 జనగణనలో ఈ ప్రాంతంలో తేలిన జనాభా సుమారు 67.3 లక్షలు. 2016 ఎన్నికలకు ముందు డివిజన్లను 200 చేయాలన్న ఆలోచన నడిచింది గానీ, చివరికి సంఖ్యను 150 దగ్గరే ఉంచి సరిహద్దులను మాత్రం తిరగరాశారు. 67.3 లక్షలను 150తో భాగిస్తే సుమారు 44,900. రెండు జనగణనల మధ్య పదేళ్లలో ఒక కార్పొరేటరు చూసుకోవాల్సిన జనం 36 వేల నుంచి 45 వేలకు చేరారన్నమాట.

2020 ఎన్నికలు కూడా అవే సరిహద్దులతో జరిగాయి. అప్పటికి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లు 74.67 లక్షల మంది. పసిపిల్లలతో సహా మొత్తం జనం 67.3 లక్షలని 2011 లెక్క చెబుతుంటే, తొమ్మిదేళ్లు తిరిగేసరికి పద్దెనిమిదేళ్లు నిండిన ఓటర్లే ఆ సంఖ్యను దాటిపోయారు. జాబితాలో రెండుచోట్ల నమోదైన పేర్లు, ఇల్లు మారినా తీసెయ్యని పేర్లు కొన్ని ఉంటాయి. వాటిని పక్కన పెట్టినా, నగరం తన జనాభా లెక్క కంటే ఎన్నో ఏళ్లు ముందుకు వెళ్లిపోయిందని ఈ రెండు సంఖ్యలు చెబుతున్నాయి.

పైగా నగరం అన్ని దిక్కులా ఒకే తీరుగా పెరగదు. పాత పేటల్లో ఇళ్లు దుకాణాలుగా మారి, పిల్లలు శివార్లకు వెళ్లిపోతారు. శివార్లలో మొన్నటిదాకా జొన్నచేలున్న చోట ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేస్తాయి. కాబట్టి గీసిన రోజున సమానంగా ఉన్న డివిజన్లు కూడా పదేళ్లు ముట్టుకోకపోతే అసమానమవుతాయి. 2020 ఓటర్ల సంఖ్యను 150తో భాగిస్తే సగటు 49,782. మైలార్‌దేవ్‌పల్లి ఆ సగటు కంటే 59 శాతం ఎక్కువ. రామచంద్రాపురం 44 శాతం తక్కువ.

చట్టం అడిగేది ఏమిటి?

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనకు పునాది వేసింది. పాలకమండలి సభ్యులను వార్డుల నుంచి నేరుగా ఎన్నుకోవాలని 243ఆర్ అధికరణ చెబుతుంది. ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలివ్వాలని 243టి అంటుంది. పాలకమండలి గడువు ఐదేళ్లని, అది ముగిసేలోపే ఎన్నికలు జరగాలని 243యు నిర్దేశిస్తుంది. వార్డుల విభజన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించకుండా 243జెడ్‌జి అడ్డుకట్ట వేస్తుంది. గీత ఒకసారి ఖరారైతే మార్చడం ఎంత కష్టమో ఈ చివరి నిబంధనే చెబుతోంది. సామాన్యుడి మాట చెల్లే కాలం ముసాయిదా వెలువడిన రోజు నుంచి తుది ప్రకటన వచ్చేదాకానే.

చాలామంది దృష్టికి రాని నిబంధన ఇంకొకటి ఉంది. ‘జనాభా’ అంటే ఏమిటో 243పి అధికరణ నిర్వచించింది. చివరిసారి జరిగి, అంకెలు ప్రచురితమైన జనగణనలో తేలిన సంఖ్యే జనాభా. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కాబట్టి 2025లో గీత గీసినా చట్టం ముందున్నది 2011 నాటి లెక్కే. గచ్చిబౌలికి, కొండాపూర్‌కి, నిజాంపేటకు ఆ తర్వాత తరలివచ్చిన లక్షల మంది గీత గీసేవాళ్ల లెక్కలో లేరు.

మన రెండు రాష్ట్రాల్లోనూ వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం, వార్డుల జనాభా వీలైనంత సమానంగా ఉండాలి, సగటుకు పది శాతం అటూ ఇటూ ఉండవచ్చు. సగటు 44,900 అయితే సుమారు 40,400 నుంచి 49,400 దాకా ఒప్పుకుంటారు. అంటే, నియమం పక్కాగా పాటిస్తే పెద్ద వార్డుకూ చిన్న వార్డుకూ మధ్య తేడా సుమారు 1.2 రెట్లు దాటదు. మనం మొదట చూసినది 2.8. అది ఓటర్ల లెక్క, ఇది జనాభా లెక్క. రెండూ ఒకటి కావు గానీ, అంత అగాధం ఆ తేడా వల్ల మాత్రమే రాదు.

ఓటర్లను వదిలి జనాభానే ఎందుకు తీసుకోవాలన్న ప్రశ్న సహజం. కార్పొరేటరు చూడాల్సింది ఓటున్నవాళ్లను మాత్రమే కాదు. అంగన్‌వాడీకి వెళ్లే పిల్లకూ నీళ్లు కావాలి. శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో కూలికి వచ్చి, ఇంకా ఊళ్లోనే ఓటున్న మనిషి ఇంటి ముందు కూడా మురుగు పొంగుతుంది. ఓటుతో పని లేకుండా మనిషిని మనిషిగా లెక్కపెట్టేది జనాభా లెక్కే. ఆ పద్ధతి సరైనదే. దానికి వాడుతున్న అంకె పాతబడిపోవడమే బాధ.

గీత ఎలా పడుతుంది?

గీతను ఇల్లిల్లుగా గీయరు. జనగణన కోసం నగరాన్ని చిన్న చిన్న బ్లాకులుగా విడగొడతారు. ఒక్కో బ్లాకులో ఒక ఎన్యూమరేటరు తిరిగి లెక్క రాసుకోగలిగినన్ని ఇళ్లుంటాయి, అంటే కొన్ని వందల మంది జనం. వార్డులు ఈ బ్లాకులతోనే కట్టిన గోడలు. బ్లాకును మధ్యకు చీల్చితే అందులో సగం జనం ఎంతో చెప్పే లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అందుకే బ్లాకులు విరగకుండా చూడాలి.

ఆ తర్వాత సహజ సరిహద్దులు. మూసీ, నాలాలు, రైలు పట్టాలు, పెద్ద రోడ్లు. పట్టాలకు అటువైపున్న నాలుగు వీధులను ఇటువైపు వార్డులో కలిపితే, వార్డు ఆఫీసుకు వెళ్లడానికి ముసలావిడ వంతెన చుట్టి రెండు కిలోమీటర్లు నడవాలి. హైదరాబాద్‌లో 2023 జూన్ నుంచి ప్రతి డివిజన్‌కూ ఒక వార్డు కార్యాలయం తెరిచారు. కాబట్టి గీత ఇప్పుడు ఓటును మాత్రమే కాదు, వీధి దీపం వెలగకపోతే ఏ ఆఫీసు మెట్లెక్కాలో కూడా తేలుస్తుంది.

చివరిది జనం మధ్య సంబంధం. ఒకే మార్కెట్టుకు వెళ్లేవాళ్లు, ఒకే నీళ్ల ట్యాంకు మీద ఆధారపడినవాళ్లు, ఒకే బోనాల ఊరేగింపు నడిచే వీధుల వాళ్లు కలిసి ఉంటే అడిగే గొంతుకు బలం ఉంటుంది. సమాన జనాభా, సహజ సరిహద్దు, జనం అనుబంధం. ఈ మూడూ ప్రతిచోటా ఒకేసారి కుదరవు. ఎక్కడ దేనికోసం దేన్ని వదులుకున్నారో రాసి చెప్పడమే నిజాయితీ గల పునర్విభజన.

అదే జనం, వేరే గీత

గీతకు ఎంత శక్తి ఉందో చూడటానికి ఒక చిన్న ఊరిని ఊహించుకుందాం. ఆ ఊళ్లో 15 వీధులు, మూడు వార్డులు, వార్డుకు ఐదు వీధులు. తొమ్మిది వీధులవాళ్లు ముందు నీళ్ల సంగతి తేల్చమంటారు. ఆరు వీధులవాళ్లు ముందు రోడ్లు వెయ్యమంటారు.

మొదటి పటంలో ప్రతి వార్డులోనూ మూడు నీళ్ల వీధులు, రెండు రోడ్ల వీధులు పడ్డాయి. మూడు వార్డుల్లోనూ నీళ్లవాళ్లే గెలిచారు. ఫలితం 3–0. రోడ్లు కావాలన్న నలభై శాతం వీధుల తరఫున పాలకమండలిలో ఒక్క గొంతూ లేదు.

రెండో పటంలో ఒక వార్డు నిండా ఐదూ నీళ్ల వీధులే. మిగిలిన రెండు వార్డుల్లో రెండేసి నీళ్ల వీధులు, మూడేసి రోడ్ల వీధులు. ఇప్పుడు రోడ్లవాళ్లు 2–1తో గెలుస్తారు. ఏ ఒక్కరూ మనసు మార్చుకోలేదు, ఎవరూ ఇల్లు మారలేదు. రెండు పటాల్లోనూ వార్డుల జనాభా సమానమే. ఫలితం మాత్రం తలకిందులైంది. అంటే జనాభా సమానంగా ఉంటే సరిపోదు, గీత ఆకారం వెనుక కారణమేమిటో కూడా అడగాలి.

నిజమైన ఎన్నికల్లో ఓట్లకూ సీట్లకూ ఇలాంటి ఎడం ఉండటానికి కుట్ర అక్కర్లేదు. 2020లో అప్పటి టీఆర్‌ఎస్‌కు, బీజేపీకి చెరో 35 శాతం చుట్టుపక్కల ఓట్లు వచ్చాయి. స్థానాలు 56, 48. మజ్లిస్‌కు నగరం మొత్తం మీద 19 శాతానికి దగ్గరగా ఓట్లు వస్తే, స్థానాలు 44, అంటే 29 శాతం. కాంగ్రెస్‌కు దక్కినవి రెండు. ఒక పార్టీ ఓటర్లు కొన్ని పేటల్లో దగ్గరదగ్గరగా ఉంటే, ఇంకొకరి ఓట్లు నగరమంతా పలచగా పరుచుకుని ఉంటే, ఫలితం ఇలాగే వస్తుంది. ఓట్లను సీట్లుగా మార్చేది గీతే కాబట్టి, దాన్ని గీసే చెయ్యి అందరికీ కనబడేలా ఉండాలి.

రిజర్వేషన్ల మీద గీత ప్రభావం ఇంకా లోతైనది. 2020లో 150 స్థానాల్లో ఎస్సీలకు 10, ఎస్టీలకు 2, బీసీలకు 50 కేటాయించారు. జనరల్ మహిళలకు 44, అన్‌రిజర్వ్‌డ్ 44. అన్ని వర్గాల్లో కలిపి మహిళలకు సరిగ్గా సగం, 75. ఎస్సీ స్థానాలను ఎంచేటప్పుడు ఎస్సీల నిష్పత్తి ఎక్కువగా ఉన్న వార్డులను ముందు తీసుకుంటారు. 45 వేల మంది ఉన్న వార్డులో 9 వేల మంది దళితులుండే ఒక బస్తీ ఉందనుకోండి, అది 20 శాతం. గీత ఆ బస్తీ మధ్యగా వెళ్లి, చెరో నాలుగున్నర వేలుగా రెండు వార్డుల్లో పడితే రెండుచోట్లా 10 శాతమే. నిన్నటిదాకా రిజర్వ్ కాగలిగిన స్థానం వరుసలో కిందికి జారిపోతుంది. బస్తీలో ఒక్క ఇల్లూ తగ్గకుండానే దాని మాట సగమవుతుంది.

ఎంతమంది కావాలి?

గీతతో పాటే వచ్చే ప్రశ్న పాలకమండలి పరిమాణం. 2011 జనాభా లెక్కలతో చూస్తే ఒక్కో కార్పొరేటరుకు సగటున ఎంతమంది వస్తారో ఇదిగో:

విజయవాడ, 64 డివిజన్లు: సుమారు 16 వేలు
విశాఖపట్నం, 98 వార్డులు: సుమారు 20 వేలు
చెన్నై, 200 వార్డులు: సుమారు 33 వేలు
బెంగళూరు, పాత 198 వార్డులు: సుమారు 43 వేలు
హైదరాబాద్, పాత 150 డివిజన్లు: సుమారు 45 వేలు
ముంబయి, 227 వార్డులు: సుమారు 55 వేలు
ఢిల్లీ, 250 వార్డులు: సుమారు 66 వేలు

సరైన సంఖ్య ఇదీ అని ఈ పట్టిక చెప్పదు. నగరాల మధ్య ఎంత తేడా ఉందో మాత్రం చెబుతుంది. పైగా ఆ సంఖ్యలు స్థిరంగానూ ఉండవు. ఢిల్లీ 2022లో మూడు కార్పొరేషన్లను ఒకటి చేసి, 272 వార్డులను 250కి తగ్గించింది. బెంగళూరు 2025లో ఒక కార్పొరేషన్‌ను ఐదుగా విడగొట్టి, వార్డులను 369కి పెంచింది. ముంబయిలో ఒక ప్రభుత్వం 227ను 236 చేసింది, 2022లో తర్వాతి ప్రభుత్వం మళ్లీ 227 చేసింది. దానికి ఓబీసీ రిజర్వేషన్ల వివాదమూ తోడై, 2022 మార్చిలో గడువు ముగిసిన పాలకమండలికి ఎన్నికలు 2026 జనవరిలో గానీ జరగలేదు. దాదాపు నాలుగేళ్లు దేశంలోకెల్లా సంపన్నమైన నగరపాలక సంస్థ ఎన్నికైన ప్రతినిధులు లేకుండా నడిచింది.

సంఖ్య పెంచితే ఖర్చు పెరుగుతుందన్న వాదన ప్రతిచోటా వినబడుతుంది. లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్ కార్పొరేటరు గౌరవ వేతనం 2015లో నెలకు 6 వేల రూపాయలైంది. ఆ లెక్కన 150 మందికి ఏడాదికి కోటీ 8 లక్షలు, 300 మందికి 2 కోట్ల 16 లక్షలు. 2025–26లో పాలక సంస్థ వార్షిక బడ్జెట్ 8 వేల కోట్ల పైచిలుకు. పెరిగే ఖర్చు ప్రతి పదివేల రూపాయల్లో రూపాయిన్నర కూడా కాదు. డబ్బు పేరు చెప్పి ప్రతినిధులను తగ్గించడానికి ఈ అంకె సాక్ష్యం చెప్పదు.

అసలు ఇరుకు సమయంతో. 45 వేల మంది అంటే ఇంటికి నలుగురు చొప్పున 11 వేలకు పైగా ఇళ్లు. కార్పొరేటరు సెలవు లేకుండా రోజుకు పది గడపలు తొక్కినా, ప్రతి ఇంటికీ ఒక్కసారి వెళ్లడానికి మూడేళ్లు దాటుతుంది. ఐదేళ్ల పదవిలో అన్ని ఇళ్లకూ రెండోసారి వెళ్లడం అసాధ్యం. అదే విజయవాడలో 16 వేల మందికైతే 4 వేల ఇళ్లు, 400 రోజులు.

రెండో వైపు కూడా చూడాలి. 150 మంది సభ్యులు తలా ఐదు నిమిషాలు మాట్లాడితే సమావేశానికి పన్నెండున్నర గంటలు కావాలి. 300 మందికి 25 గంటలు. అంత సమయం ఏ సమావేశానికీ ఇవ్వరు కాబట్టి, సగం మంది మాట్లాడకుండానే ఇంటికి వెళతారు. హైదరాబాద్ స్టాండింగ్ కమిటీలో 15 మంది ఉండేవారు, పదిమందిలో ఒకరు. సభ రెట్టింపై కమిటీ అలాగే ఉంటే ఇరవైమందిలో ఒకరు. సభ పెద్దదయ్యేకొద్దీ అధికారం కొద్దిమంది చేతుల్లోకి, ఆ పైన కమిషనరు బల్ల మీదికి జారుతుంది. గడప దగ్గర పలకడానికి ఎక్కువమంది కావాలి, బల్ల దగ్గర చర్చించడానికి తక్కువమంది కావాలి.

దీనికి మన రాజ్యాంగంలోనే ఒక దారి ఉంది. 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ చెబుతోంది. ఆ కమిటీలు నిజంగా కూర్చుని, నిజంగా నిధులు చూసుకుంటే కార్పొరేటర్ల సంఖ్య మీద ఇంత తగువు అక్కర్లేదు. వాటిని కాగితం మీద వదిలేసి సంఖ్యను ఎంత పెంచినా, తగ్గించినా లాభం కొంతే.

టొరంటో చెప్పే పాఠం

ఇదే పనిని పద్ధతిగా చేసిన నగరం, ఆ పద్ధతిని ఒక్కరోజులో పోగొట్టుకున్న నగరం రెండూ ఒకటే. కెనడాలోని టొరంటో. 2016లో జనాభా 27,31,571. వార్డులు 44, ఒక్కో సభ్యుడికి సుమారు 62 వేల మంది. నగరం స్వతంత్ర నిపుణులతో ఏళ్ల తరబడి సమీక్ష చేయించింది. ప్రజా సమావేశాలు పెట్టి, ఎన్నో రకాల పటాలు ముందుంచి అభిప్రాయాలు తీసుకున్నారు. అన్నిటికన్నా గమనించాల్సింది, వాళ్లు ఉన్న జనాభాతో ఆగలేదు. 2026 నాటికి ఏ పేటలో ఎంత జనం ఉంటారో అంచనా కట్టి ఆ సంఖ్యతో గీశారు. గీత కొన్ని ఎన్నికల దాకా నిలవాలన్నది ఉద్దేశం. 2016 నవంబరులో నగర సభ 47 వార్డుల పటాన్ని ఆమోదించింది.

2018 మే 1న నామినేషన్లు మొదలయ్యాయి. జూలై 27 నామినేషన్లకు చివరి రోజు. సరిగ్గా అదే రోజు ఒంటారియో ప్రీమియర్ డగ్ ఫోర్డ్, సభ్యుల సంఖ్యను 25కు తగ్గిస్తామని ప్రకటించారు. ఆగస్టు 14న చట్టమైంది. నాలుగేళ్లలో రెండున్నర కోట్ల డాలర్లు మిగులుతాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. సెప్టెంబరు 10న ఒక న్యాయమూర్తి ఆ చట్టం చెల్లదన్నారు. 19న అప్పీలు కోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. అక్టోబరు 22న 25 వార్డులతోనే ఎన్నికలు జరిగిపోయాయి. కెనడా సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 1న 5–4 తేడాతో చట్టాన్ని సమర్థించింది. ఒక్కో సభ్యుడి వాటా 62 వేల నుంచి లక్షా 9 వేలకు చేరింది.

తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో నలుగురు ఒప్పుకోని మార్పు అది. పై ప్రభుత్వానికి అధికారం ఉందా అన్నదే కోర్టు తేల్చింది, అలా చేయడం మంచిదా అన్నది కాదు. మన దగ్గరా నగర వార్డుల సంఖ్యను ఖరారు చేసేది రాష్ట్ర ప్రభుత్వమే. అధికారం ఉంది కాబట్టి సరిపోయిందనుకోకుండా, పద్ధతి కోసం పట్టుబట్టాలని టొరంటో అనుభవం నేర్పుతోంది.

ఇంగ్లండ్‌లో ఈ పనికి పార్టీలతో సంబంధం లేని ఒక సరిహద్దుల కమిషన్ ఉంది. ముందు ఎంతమంది సభ్యులు కావాలో తేల్చి, తర్వాతే గీతల జోలికి వెళ్తుంది. ఓటర్ల సంఖ్య సగటుకు పది శాతం మించి తేడా ఉన్న వార్డులు మొత్తంలో 30 శాతం దాటినా, ఏ ఒక్క వార్డులో తేడా 30 శాతం దాటినా సమీక్షకు అర్హత వచ్చినట్టే. ఆ కొలబద్దతో చూస్తే 59 శాతం ఎక్కువున్న మైలార్‌దేవ్‌పల్లి ఒక్కటే చాలు, హైదరాబాద్ పటాన్ని మళ్లీ బల్ల మీద పెట్టడానికి.

150 నుంచి 300

2025 నవంబరులో తెలంగాణ మంత్రివర్గం అవుటర్ రింగు రోడ్డు పరిసరాల్లోని 27 పట్టణ స్థానిక సంస్థలను హైదరాబాద్‌లో కలపాలని నిర్ణయించింది. వాటిలో 20 మునిసిపాలిటీలు, ఏడు కార్పొరేషన్లు. మేడ్చల్, ఘట్‌కేసర్, శంషాబాద్, మణికొండ, తెల్లాపూర్, బోడుప్పల్, నిజాంపేట వంటివి నగరంలోకి వచ్చాయి. విస్తీర్ణం 2 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. డిసెంబరులో 300 వార్డుల ముసాయిదా వెలువడింది.

అంత తొందర ఎందుకంటే అప్పుడు వెనక రెండు గడియారాలు తిరుగుతుండేవి. 2021 ఫిబ్రవరిలో కొలువైన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరితో ముగియాల్సి ఉండింది. రానున్న జనగణన కోసం పాలనా సరిహద్దులన్నీ 2025 డిసెంబరు 31 నాటికి స్తంభింపజేయాలని కేంద్రం చెప్పింది. ఆ తేదీ దాటితే జనగణన పూర్తయ్యేదాకా సరిహద్దులు కదల్చడానికి వీల్లేదు.

అంకెలు చూస్తే, విస్తీర్ణం మూడు రెట్లు దాటింది, వార్డులు రెట్టింపయ్యాయి. ఒక్కో వార్డు సగటు వైశాల్యం 4.3 చదరపు కిలోమీటర్ల నుంచి 6.8కి చేరింది. అభ్యంతరాలకు మొదట ఇచ్చిన గడువు ఒక వారం. ముసాయిదాలో ఉత్తరాన ఫలానా రోడ్డు, తూర్పున ఫలానా నాలా అని సరిహద్దులు మాటల్లో ఉన్నాయి. ఏ వార్డులో ఎంత జనం అన్న లెక్క కోసం జనం హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. వార్డులవారీ జనాభా వివరాలను, పటాలను బయటపెట్టాలని కోర్టు చెప్పింది.

ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. జనాభా తెలియకుండా, పటం చూడకుండా ఒక పౌరుడు ఏమని అభ్యంతరం రాస్తాడు? ‘మా కాలనీని వేరే వార్డులో కలిపారు, మాకు ఇష్టం లేదు’ అని మాత్రమే రాయగలడు. దాన్ని అధికారి ఇష్టాయిష్టాల విన్నపంగా చూసి పక్కన పెడతాడు. అదే మనిషి చేతిలో అంకెలుంటే, ‘ఈ మూడు బ్లాకులను పక్క వార్డుకు మారిస్తే రెండు వార్డులూ పది శాతం లోపలికి వస్తాయి, బస్తీ కూడా చీలదు’ అని రాస్తాడు. దానికి జవాబు చెప్పక తప్పదు. లెక్క దాచితే పౌరుడు వేడుకునేవాడవుతాడు. లెక్క చూపితే వాదించగలవాడవుతాడు.

ఆ 300 వార్డులు ఒకే మేయరు కింద ఉన్నా, రెండు మూడు కార్పొరేషన్లుగా విడిపోయినా ఈ మాటలో మార్పు లేదు. రేపు వరంగల్లోనో, తిరుపతిలోనో, గుంటూరులోనో గీత గీసినా అంతే.

ముసాయిదా చేతికొచ్చినప్పుడు

మీ ఊళ్లో వార్డుల ముసాయిదా వెలువడితే ఒక కాగితం తీసుకుని ఐదు లెక్కలు వెయ్యండి.

ఒకటి, మొత్తం జనాభాను వార్డుల సంఖ్యతో భాగించండి. ఆ జనాభా ఏ సంవత్సరానిదో పక్కన రాయండి.

రెండు, మీ వార్డు జనాభాలోంచి సగటును తీసేసి, వచ్చిన తేడా సగటులో ఎంత శాతమో చూడండి. పది దాటితే అభ్యంతరంలో మొదటి వాక్యం అదే.

మూడు, అన్నిటికన్నా పెద్ద వార్డును అన్నిటికన్నా చిన్న వార్డుతో భాగించండి. పది శాతం నియమం పాటిస్తే జవాబు 1.2 దగ్గర ఆగాలి.

నాలుగు, పది శాతం గీత దాటిన వార్డులు ఎన్నో లెక్కపెట్టండి. అవన్నీ నగరంలో ఒకే మూలన ఉంటే, కారణం అడగండి.

ఐదు, మీ వార్డు గీత వెంట ఒక సాయంత్రం నడవండి. అది నాలా వెంట వెళ్తోందా, రోడ్డు వెంట వెళ్తోందా, లేక ఏదైనా బస్తీని మధ్యకు చీల్చుతోందా అన్నది కంటితో చూడాల్సిందే.

ఐదూ ఒక పేజీలో పడతాయి. పదో తరగతి చదివే పిల్ల చేత వేయించవచ్చు, కాలనీ సంఘం సమావేశంలో చదివి వినిపించవచ్చు.

పాలకుల వైపు నుంచి కావలసినవి కూడా పెద్ద కోరికలు కావు. ముసాయిదాతో పాటే వార్డులవారీ జనాభా పట్టిక, బ్లాకుల జాబితా, వీధులు కనబడే పటం ఇవ్వాలి. వాటిని చదివి అర్థం చేసుకునేంత గడువివ్వాలి. తిరస్కరించిన ప్రతి అభ్యంతరానికీ కారణం రాయాలి. కొత్త జనగణన అంకెలు వచ్చాక మళ్లీ సమీక్షిస్తామని ముందే మాటివ్వాలి.

ఆ చివరి మాట ఎందుకంటే, కొత్త లెక్కకు ముహూర్తం ఖరారైంది. 2027 మార్చి 1 సున్నా గంటలకు దేశంలో ఎవరెక్కడున్నారో అదే జనాభా. 2011 తర్వాత ఈ నగరానికి వచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టి ఇప్పుడు బడికి వెళ్తున్నవాళ్లు ఆ రోజు మొదటిసారి లెక్కలోకి వస్తారు. ఇప్పటి గీతలన్నీ వాళ్లను ఎరగని గీతలే. ఆ అంకెలు అచ్చయిన నాడు ప్రతి నగరం తన పటాన్ని మళ్లీ తెరవాలి. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక ఓటును, రామచంద్రాపురంలో ఒక ఓటును పక్కపక్కన పెట్టి భాగించినప్పుడు జవాబు ఒకటికి దగ్గరగా వచ్చేదాకా ఆ పని పూర్తి కాదు.